పక్క పొలంలో వెంచర్ వస్తున్నప్పుడు: ఫైలులో నిలబడే అభ్యంతరం రాయడం ఎలా

పొద్దున పాలకు బయటికి వచ్చి చూస్తే, నిన్నటిదాకా నీళ్లు నిలిచిన కయ్యల్లో గ్రావెల్ పరిచి ఉంటుంది. గట్లు చదునైపోయి, వాటి స్థానంలో తెల్లరంగు పూసిన సరిహద్దు రాళ్లు వరసగా నిలబడి ఉంటాయి. వారం తిరిగేసరికి రోడ్డు మొదట్లో ఆర్చి, దాని పక్కన జెండాలు. నెల్లూరు చుట్టూ పొదలకూరు రోడ్డులో, చెముడుగుంట దాటాక, కోవూరు వైపు. ఒంగోలు చుట్టూ మంగమూరు రోడ్డులో, పెళ్లూరు దగ్గర ఈ దృశ్యం చూడనివాళ్లు ఉండరు.

ఆ రోజు కాలనీవాసులు చేసే మొదటి పని కార్పొరేటరు ఇంటికో సర్పంచి దగ్గరికో వెళ్లడం. రెండో పని ఒక తెల్లకాగితం మీద "ఈ వెంచర్ వల్ల మాకు తీవ్ర ఇబ్బంది కలుగుతుంది కాబట్టి ఆపవలెను" అని రాసి, కింద నలభై సంతకాలు పెట్టి ఇచ్చిరావడం. ఈ రెండింటితో ఆగిన లేఅవుట్‌ను నేను ఒక్కటి కూడా చూడలేదు. పద్దెనిమిదేళ్లుగా నెల్లూరులో ప్లాన్లు గీస్తున్నాను. లేఅవుట్ వేసేవాళ్లకు కాగితాలు తయారు చేశాను, పక్కన ఉండేవాళ్లకు అభ్యంతరాలు రాసిచ్చాను. రెండు వైపులా చూశాక నాకు అర్థమైంది ఇదే: మన అర్జీలు చాలావరకు పక్కకు వెళ్లేది వాటిలో న్యాయం లేక కాదు, అధికారి సరిచూసుకోవడానికి వాటిలో ఒక్క కొలత కూడా లేక. ఆ కొలత ఎలా సంపాదించాలో, ఎక్కడ ఎప్పుడు ఇవ్వాలో చెబుతాను.

ముందు అది ఏ రకం ఫైలో తెలుసుకోండి

అమెరికా లాంటి దేశాల్లో చాలా ఊళ్లకు జోనింగ్ బోర్డు ఉంటుంది. కొత్త ఇళ్ల ప్రతిపాదన వస్తే అది సభ పెట్టి, ఇరుగుపొరుగు వాళ్లను మాట్లాడనిచ్చి, అందరి ముందూ ఓటు వేసి తేలుస్తుంది. మనకు అలాంటి సభ లేదు. ఇక్కడ నిర్ణయం ఫైలు మీద జరుగుతుంది. మీరు చెప్పదలచుకున్నది ఆ ఫైలులోకి చేరకపోతే చెప్పనట్టే లెక్క.

ఇళ్లకు సంబంధించి మూడు రకాల ఫైళ్లు నడుస్తాయి. మొదటిది భూవినియోగ మార్పు. మాస్టర్ ప్లాన్‌లో వ్యవసాయ జోన్‌గానో, పరిశ్రమల జోన్‌గానో చూపిన భూమిని నివాస జోన్‌గా మార్చమని అడగడం. ఇది పట్టణాభివృద్ధి సంస్థ నుంచి పైకి వెళ్లి, పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ జీవోతో తేలుతుంది. మన జిల్లాలో ఆ సంస్థ 2017లో ఏర్పడిన నుడా, ఒంగోలు వైపు 2019లో వచ్చిన ఒడా. రెండోది లేఅవుట్. భూమిని రోడ్లుగా, ప్లాట్లుగా, ఖాళీ స్థలంగా విడగొట్టడం. దీనికి 2017 నాటి లేఅవుట్ నిబంధనలు ఉన్నాయి. మూడోది భవనం ప్లాను. పట్టణ పరిధిలో అయితే మున్సిపాలిటీ టౌన్‌ప్లానింగ్ విభాగం చూస్తుంది, 2017 నాటి భవన నిర్మాణ నిబంధనలు దానికి ఆధారం.

ఈ మూడింటిలో ప్రజలను "మీ అభ్యంతరాలు చెప్పండి" అని చట్టప్రకారం అడిగేది మొదటిదానికే. ముసాయిదా ప్రకటన గెజిట్‌లో వస్తుంది, సాధారణంగా 15 రోజుల గడువు ఉంటుంది. లేఅవుట్‌కు, ఇంటి ప్లానుకు అలా పిలిచి అడగరు. చిన్న ఇళ్లకైతే ఆన్‌లైన్‌లో స్వీయ ధ్రువీకరణతోనే అనుమతి వచ్చేస్తుంది. అందువల్ల భూవినియోగ మార్పు దశలోనే పట్టుకోగలిగితే మీ మాటకు ఎక్కువ విలువ ఉంటుంది. గ్రావెల్ పడ్డాక మేలుకుంటే సగం దారి దాటిపోయినట్టే. అయినా చేయగలిగింది ఉంటుంది.

"పంచాయతీ అప్రూవ్డ్" అనే మాట వినబడితే అక్కడే ఆగండి. గ్రామ పంచాయతీ తనంతట తానుగా లేఅవుట్‌ను ఆమోదించలేదు. నుడా నుంచో, డీటీసీపీ (రాష్ట్ర టౌన్‌ప్లానింగ్ డైరెక్టరేట్) నుంచో సాంకేతిక అనుమతి ఉండాలి. ఆ అనుమతికి ఎల్‌పీ (లేఅవుట్ పర్మిట్) నంబరు ఉంటుంది. బోర్డు మీద నంబరు లేకపోతే అక్కడున్నవాళ్లను అడగండి. చెప్పకపోతే ఆ సంగతే మీ అర్జీలో మొదటి వాక్యం అవుతుంది.

సర్వే నంబరు లేకుండా ఇంటి నుంచి బయలుదేరకండి

"మా కాలనీ వెనక పొలం" అంటే ఏ ఆఫీసులోనూ ఫైలు దొరకదు. సర్వే నంబరు కావాలి. పక్క పొలం రైతును అడిగితే చాలాసార్లు వెంటనే చెబుతారు. లేకపోతే మీభూమి వెబ్‌సైటులో గ్రామ పటం తెరిచి, మీ ఇల్లున్న సర్వే నంబరు నుంచి లెక్కపెట్టుకుంటూ వెళ్లండి. గ్రామ సచివాలయంలోని సర్వేయరును అడిగినా చెబుతారు. రీసర్వే పూర్తయిన గ్రామాల్లో పాత సర్వే నంబరుకు బదులు ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబరు వచ్చింది. గెజిట్‌లో ఏది వాడారో చూసుకుని రెండూ రాసుకోండి.

నంబరు చేతికి వచ్చాక నాలుగు కాగితాలు తీసుకోండి: అడంగల్ (సాగు రికార్డు), 1బి (యాజమాన్య రికార్డు), ఆ నంబరు ఎఫ్‌ఎంబీ (కొలతలతో గీసిన సర్వే పటం), చుట్టుపక్కల నంబర్ల ఎఫ్‌ఎంబీలు. చివరిది అందరూ వదిలేస్తారు. కాలువ, డొంక, వాగు పోరంబోకు వంటివి తరచుగా పక్క నంబరులో ఉంటాయి. వెంచర్ వాళ్లు చూపే నక్షాలో ఆ పక్క నంబరు తెల్లగా ఖాళీగా ఉంటుంది. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో నిషేధిత ఆస్తుల జాబితా, అంటే 22ఎ జాబితా కూడా చూడండి. చెరువు పోరంబోకు, అసైన్డ్ భూమి అందులో కనిపిస్తే మీ పని చాలా తేలికవుతుంది.

తరువాత మాస్టర్ ప్లాన్ పటం. నుడా కార్యాలయంలో చూపమని అడగవచ్చు, నగరంలో అయితే వార్డు సచివాలయంలోని ప్రణాళిక కార్యదర్శి సాయం తీసుకోవచ్చు. పటంలో పసుపు నివాసాలకు, నీలం వ్యాపారాలకు, ఊదా పరిశ్రమలకు, ఎరుపు ప్రభుత్వ, సామాజిక అవసరాలకు, ఆకుపచ్చ ఛాయలు వ్యవసాయానికి, పార్కులకు వాడడం వాడుక. రంగు మాత్రమే చూసి తృప్తిపడకుండా పటం అంచున ఉన్న సూచికతో సరిచూసుకోండి. మీ సర్వే నంబరు మీదుగా ప్రతిపాదిత రోడ్డు గీత వెళుతోందేమో కూడా చూడండి. అలా వెళితే ఆ మేరకు భూమిని రోడ్డుకు వదలాలి. వదిలారో లేదో మీరు అడగదగిన ప్రశ్న.

టేపు పట్టుకుని నడవండి

ఇక్కడే తొందరపడవద్దు. ఒక రోజు మొత్తం కేటాయించినా తక్కువే. ఇళ్ల ప్రతిపాదనలో అధికారి చూసే విషయాల్లో మీరు స్వయంగా సరిచూడగలిగినవి రెండు: అక్కడికి వెళ్లే రోడ్డు వెడల్పు, అక్కడి నుంచి నీళ్లు పోయే దారి.

రోడ్డు ముందు. లేఅవుట్‌కు చేరుకునే రోడ్డుకు కనీస వెడల్పు ఉండాలి. ఆ అంకె జీవోలతో మారుతూ వచ్చింది కాబట్టి, అర్జీ వేసిన రోజున అమల్లో ఉన్నదాన్నే పట్టుకోండి. రోడ్డు వెడల్పు అంటే తారు వెడల్పు కాదు. ఇటు పట్టా హద్దు నుంచి అటు పట్టా హద్దు దాకా ఉన్న దూరం. మట్టి అంచులు, పక్క మురుగు కాలువ అందులోకే వస్తాయి. ఇది తెలియక తారు మాత్రమే కొలిచి "ఇరవై అడుగులే ఉంది" అని రాస్తే, అధికారి వచ్చి కొలిచి మీ మాట తప్పని ఒక వాక్యంలో తేల్చేస్తారు. ఆ తరువాత మీరు రాసిన మిగతా విషయాలు కూడా నమ్మరు.

నాలుగేళ్ల కిందట నగరానికి దక్షిణాన ఒక ఊళ్లో ఇలాంటి డొంక దగ్గర ఒక పూటంతా గడిపాను. దరఖాస్తు నక్షాలో "ప్రస్తుతమున్న 40 అడుగుల రోడ్డు" అని ఉంది. పెద్దరోడ్డు మొదట్లో కొలిస్తే నిజంగానే నలభై వచ్చింది. కాలనీవాళ్ల ముఖాలు పడిపోయాయి. ముందుకు నడిచి చూద్దామన్నాను. ఇద్దరం టేపు అటూ ఇటూ పట్టుకున్నాం, మూడో మనిషి ఫోనుతో ఫొటో తీస్తూ వచ్చాడు. రెండు వందల అడుగులు వెళ్లాక ఇరుకు మొదలైంది. కల్వర్టు దగ్గర రాతికట్టడం నుంచి ఎదుటి కంచె దాకా ఇరవై ఆరున్నర. అక్కడి నుంచి వెంచర్ గేటు దాకా అంతే.

ఇంటికి వచ్చి పాత ఎఫ్‌ఎంబీ తీసి చూస్తే సంగతి బయటపడింది. డొంక మీద పెన్సిలుతో రాసినట్టున్న సన్నని అంకె, 40. అది అడుగులు కాదు, లింకులు. పాత సర్వే గొలుసులో 100 లింకులు, గొలుసు పొడవు 66 అడుగులు. అంటే 40 లింకులు సుమారు 26 అడుగుల 5 అంగుళాలు. నక్షా గీసినవాళ్లు ఆ అంకెను అలాగే దించి పక్కన అడుగులు అని చేర్చారు. తెలిసి చేశారో తెలియక చేశారో నేను చెప్పలేను. మా అభ్యంతరంలో మేము ఆ నిందలేవీ వేయలేదు. ఎఫ్‌ఎంబీ నకలు, కల్వర్టు దగ్గర టేపు అంకె కనిపించే ఫొటో, లింకుల లెక్క, ఈ మూడే జతచేశాం. మళ్లీ సైటు తనిఖీ జరిగింది. నక్షా తిరిగి వెళ్లింది.

మీరూ అలాగే చేయండి. కొలత తీసిన ప్రతిచోటా, పెద్దరోడ్డు నుంచి ఎంత దూరమో రాయండి. కరెంటు స్తంభం, బోరింగు, గుడి గోడ వంటి కదలని గుర్తు ఒకటి ఫొటోలో పడేలా చూడండి. అంకె చదవగలిగేంత దగ్గరగా ఒకటి, చుట్టూ పరిసరం కనిపించేలా ఒకటి, ప్రతిచోటా రెండు ఫొటోలు.

ఇంకో మాట. విస్తీర్ణం గురించి రాస్తే అంకణాల్లో రాయకండి. మన వ్యవహారం అంకణాల్లోనే నడుస్తుంది గాని, అంకణం ఒకచోట 36 చదరపు అడుగులు, మరోచోట 72. ఫైలు చదరపు మీటర్లలో ఉంటుంది. మీరూ అందులోనే రాయండి.

నీళ్ల దారి

నాకు అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇదే. మనకు వాన ఎక్కువగా పడేది ఈశాన్య రుతుపవనాల్లో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. సైటు తనిఖీ వేసవిలో జరిగితే అధికారికి కనిపించేది పగుళ్లిచ్చిన నేల. నవంబరులో అదే నేల మీద మోకాటి లోతు నీళ్లు నిలిచాయని ఆయనకు ఎవరు చెప్పాలి? 2015 నవంబరు వానలు, 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయిన రోజులు మనవాళ్లందరి ఫోన్లలో ఉన్నాయి. ఆ ఫొటోలను గ్రూపులో పంచుకుని వదిలేశాం. వాటిని వెతికి తీయండి. తేదీతో ఉన్న ఒక్క ఫొటో పది సంతకాల కంటే గట్టి సాక్ష్యం.

తరువాత ఊళ్లో నీరుగట్టు పని, అంటే చెరువు నీళ్లు పొలాలకు వదిలే పని చేసిన పెద్దమనిషి ఎవరున్నారో కనుక్కుని ఆయన్ను వెంటబెట్టుకుని నడవండి. నేను చాలాసార్లు నేర్చుకున్నది ఇలాంటివాళ్ల దగ్గరే. ఒక పెద్దాయన చెరువు కట్ట మీద నిలబడి, చేతికర్రతో చూపిస్తూ చెప్పిన మాట ఇప్పటికీ గుర్తుంది: "కలుజు దూకిన నీళ్లు ఈ గట్టు వెంట వచ్చి, ఆ తుమ్మచెట్టు దగ్గర రెండుగా చీలతాయి. ఒక పాయ కాలువలో పడుతుంది. రెండో పాయను మీరు గ్రావెల్ కింద పూడ్చారు." కలుజు అంటే చెరువు నిండాక నీళ్లు పొర్లిపోయే చోటు. ఆయన చూపించిన రెండో పాయ ఎఫ్‌ఎంబీలో జంట గీతగా ఉంది. నేల మీద మాత్రం చదునుగా ఉంది. ఆ జంట గీత లేకపోతే ఆయన మాటను ఎవరూ లెక్కలోకి తీసుకునేవారు కాదు. ఆయన లేకపోతే ఆ గీత ఏమిటో నాకు తెలిసేది కాదు. రెండూ కలిపి రాయండి.

ఏం రాయాలో నిబంధనలే చెబుతాయి. భవన నిర్మాణ నిబంధనల ప్రకారం పదిహెక్టార్లు, అంతకు మించిన చెరువు హద్దు నుంచి 30 మీటర్ల లోపల కట్టకూడదు. అంతకంటే చిన్న చెరువు, కుంట అయితే 9 మీటర్లు. పది మీటర్ల కంటే వెడల్పున్న కాలువ, వాగు నుంచి 9 మీటర్లు, అంతకు తక్కువ వెడల్పున్న వాటి నుంచి 2 మీటర్లు వదలాలి. నది నుంచి పట్టణ పరిధిలో 50 మీటర్లు, బయట 100 మీటర్లు. చెరువుకు హద్దు అంటే ఎండాకాలంలో నీళ్లున్న చోటు కాదు, పూర్తి నీటిమట్టం గీత. అది నీటిపారుదల శాఖ రికార్డులో ఉంటుంది. ఆ శాఖ నుంచి ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) తీసుకున్నారా, తీసుకుంటే అందులో ఏ సర్వే నంబర్లు ఉన్నాయి అన్నది మీరు అడగాలి. ఒక సర్వే నంబరుకు తెచ్చిన ఎన్‌ఓసీని పక్క నంబరుకు కూడా చూపించడం నేను చూశాను.

జాఫర్ సాహెబ్ కాలువ, సర్వేపల్లి కాలువ గట్ల వెంట, ఒంగోలులో పోతురాజు కాలువ వెంట ఉండేవాళ్లకు ఈ కొలతలు నోటికి వచ్చి ఉండాలి. మైపాడు, కొత్తపట్నం వైపు సముద్రం దగ్గర అయితే తీర నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) నిబంధనలు వేరే ఉన్నాయి, అవి పోటు గీత నుంచి 500 మీటర్ల దాకా వర్తిస్తాయి.

పదిహేను రోజుల లెక్క

భూవినియోగ మార్పు ముసాయిదా గెజిట్‌లో వచ్చిన తేదీ నుంచి గడువు లెక్క. మీకు తెలిసిన రోజు నుంచి కాదు. మీ వైపు ఏదైనా కదులుతోందని అనుమానం వస్తే నుడా కార్యాలయంలో నోటీసు బోర్డు వారానికి ఒకసారి చూసిరండి. కాలనీలో ఒకరికి ఈ పని అప్పగించడం మంచిది, అందరూ చూస్తారులే అనుకుంటే ఎవరూ చూడరు.

చాలామంది ఇక్కడ ఒక పొరపాటు చేస్తారు. ముందు సమాచార హక్కు కింద కాగితాలు అడిగి, అవి వచ్చాక అభ్యంతరం రాద్దామనుకుంటారు. 2005 చట్టం ప్రకారం జవాబు ఇవ్వడానికి 30 రోజుల సమయం ఉంది. అభ్యంతరానికి గడువు 15 రోజులు. కాగితాలు వచ్చేసరికి తలుపు మూసుకుంటుంది. కాబట్టి ఉన్న ఆధారాలతో అభ్యంతరం ముందు వేయండి. అదే రోజు సమాచార హక్కు దరఖాస్తు కూడా వేయండి. "నాకు వచ్చే సమాచారం ఆధారంగా అదనపు వివరాలు సమర్పించుకునే అవకాశం ఇవ్వగలరు" అని అభ్యంతరం చివర ఒక వాక్యం చేర్చండి.

దరఖాస్తులో "అన్ని వివరాలు ఇవ్వండి" అని అడిగితే ఏమీ రాదు. నాలుగే అడగండి: సైటు తనిఖీ నివేదిక నకలు, ప్రతిపాదిత నక్షా నకలు, నీటిపారుదల శాఖ ఎన్‌ఓసీ నకలు, రోడ్డు వెడల్పుపై ఇచ్చిన ధ్రువీకరణ నకలు.

అభ్యంతరం ఇలా రాయండి

ఒక పేజీ, మహా అయితే పేజీన్నర. ఒక్కో అంశానికి ఒక్కో పేరా, పేరా చివర ఆధారం పేరు. నేను వాడే తీరు ఇది, మీ వివరాలు పెట్టి వాడుకోండి:

"విషయం: ఫలానా గ్రామం, సర్వే నంబరు ఫలానా, వ్యవసాయ వినియోగం నుంచి నివాస వినియోగానికి మార్పు, ఫలానా తేదీ గెజిట్ ముసాయిదా ప్రకటనపై అభ్యంతరం.

అయ్యా, నేను పై సర్వే నంబరుకు ఉత్తరాన ఆనుకుని ఉన్న ఇంటి యజమానిని. నా అభ్యంతరాలు: ఒకటి, పై భూమికి చేరే డొంక వెడల్పు పెద్దరోడ్డు నుంచి 200 అడుగుల తరువాత 26 అడుగుల 6 అంగుళాలు మాత్రమే. ఆధారం: ఎఫ్‌ఎంబీ నకలు, ఫొటోలు 1 నుంచి 4. రెండు, పై భూమి తూర్పు హద్దు వెంట చెరువు కలుజు నీళ్లు పోయే కాలువ ఉంది. ప్రస్తుతం అది మట్టితో పూడి ఉంది. ఆధారం: పక్క సర్వే నంబరు ఎఫ్‌ఎంబీ, ఫలానా తేదీ ఫొటో 5. ఈ రెండు అంశాలపై నా సమక్షంలో సంయుక్త తనిఖీ జరిపి, ఫలితాన్ని నాకు రాతపూర్వకంగా తెలియజేయాలని కోరుతున్నాను."

చివరి వాక్యంలో ఉన్న "సంయుక్త తనిఖీ" అనే మాటకు చాలా బలం ఉంది. రెవెన్యూ, నీటిపారుదల, టౌన్‌ప్లానింగ్ మూడు శాఖలవాళ్లూ ఒకేరోజు ఒకేచోట నిలబడాలి. ఒకరి మీద ఒకరు నెట్టుకోవడం అక్కడ కుదరదు.

ఏం రాయకూడదో కూడా చెప్పాలి. "ట్రాఫిక్ పెరుగుతుంది", "మా కాలనీ అందం పోతుంది", "మా ప్లాట్ల ధర పడిపోతుంది" అన్నవి అధికారి పక్కన పెట్టేస్తారు, ఆయన్ను తప్పుపట్టలేం. ఒకసారి ఒక అపార్టుమెంటు సంఘం వాళ్లు వచ్చి, పక్కన రాబోయే చిన్న ఇళ్ల సముదాయాన్ని ఆపే అర్జీ రాయమన్నారు. రోడ్డు సరిపోతుంది, కాలువ దూరంగా ఉంది. మరి అభ్యంతరం ఏమిటని అడిగితే, "అక్కడికి ఎలాంటివాళ్లు వస్తారో చెప్పలేం కదండీ" అన్నారు. రాయనని చెప్పి పంపించాను. వానకు మునగని చోట, అంబులెన్సు వెళ్లగలిగిన రోడ్డు మీద ఇల్లు ఎవరు కట్టుకున్నా మనకు సంతోషమే కావాలి. ఊళ్ల నుంచి వచ్చే పిల్లలు చదువుకోవాలన్నా, కూలికి వచ్చినవాళ్లు తలదాచుకోవాలన్నా ఇళ్లు పెరగాల్సిందే. మీ అభ్యంతరం ఇళ్ల మీద కాకుండా కాలువ మీదా రోడ్డు మీదా ఉండాలి.

ఎక్కడ ఇవ్వాలి, ఎలా ఇవ్వాలి

ప్రకటనలో రాసిన చిరునామాకే ఇవ్వండి. తపాలు సెక్షనులో ఇచ్చి, మీ నకలు మీద ముద్ర, తేదీ, ఇన్‌వార్డు నంబరు వేయించుకోకుండా కదలకండి. "లోపల ఇచ్చేస్తాను, వెళ్లండి" అని ఎవరైనా తీసుకుంటే, మర్యాదగానే వెనక్కి అడిగి తపాలులో ఇవ్వండి. దానితోపాటు రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో కూడా ఒక ప్రతి పంపండి. నకళ్లు తహసీల్దారుకు, నీటిపారుదల శాఖ ఇంజనీరుకు, గ్రామమైతే పంచాయతీ కార్యదర్శికి.

నలభై మంది ఒకే కాగితం మీద సంతకం పెడితే అది ఒక అర్జీ. ఆరుగురు ఆరు చోట్ల తీసిన ఆరు కొలతలతో విడివిడిగా ఇస్తే ఆరు అర్జీలు, ఆరు జవాబులు రావాలి. ఒకే నమూనాను నకలు తీసి పేర్లు మార్చి ఇస్తే అన్నిటినీ ఒకే కట్టలో పెడతారు. ప్రతి ఒక్కరూ తమ ఇంటి దగ్గర చూసినదే రాయాలి. కాలువ వెంట ఉన్నవారు నీళ్ల గురించి, డొంక వెంట ఉన్నవారు రోడ్డు గురించి రాయండి.

ఫైలు లేఅవుట్ దశలో ఉంటే

గడువు దాటిపోయిందని వదలకండి. లేఅవుట్‌కు ముందు ముసాయిదా అనుమతి, పనులు పూర్తయ్యాక తుది అనుమతి వస్తాయి. ఈ రెండింటి మధ్య నెలలు పడతాయి. ఆ సమయంలో అడగదగినవి చాలా ఉన్నాయి. మొత్తం విస్తీర్ణంలో కనీసం 10 శాతం ఖాళీ స్థలం వదలాలి. ఆ స్థలాన్ని, రోడ్లను స్థానిక సంస్థకు దానపత్రంతో రిజిస్టరు చేయాలి. పనులు పూర్తి చేస్తామనే హామీగా ప్లాట్లలో 15 శాతం తనఖా పెట్టాలి. దానపత్రం జరిగిందో లేదో ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) తీస్తే తెలుస్తుంది. ఖాళీ స్థలాన్ని కాలువ గట్టు మీద, ఎవరికీ పనికిరాని మూలలో చూపించడం మామూలు. నక్షా పట్టుకుని వెళ్లి అది ఎక్కడుందో నిలబడి చూడండి. కొత్త లేఅవుట్ మురుగు ఎక్కడ కలుస్తుందో కూడా చూడండి. నక్షాలో బాణం గుర్తు ఒక గీత దగ్గర ఆగుతుంది. ఆ గీత మీ వీధి కాలువే అయితే, దాని లోతు వెడల్పు కొలిచి ఇవ్వండి.

ఐదు వందల చదరపు మీటర్లు దాటిన భూమి లేదా ఎనిమిదికి మించిన ఫ్లాట్లు ఉంటే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నమోదు లేకుండా అమ్మకూడదు. కట్టడ విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు దాటితే పర్యావరణ అనుమతి కావాలి. బాగా ఎత్తయిన భవనమైతే అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ. ఇవి ఒక్కొక్కటి ఒక్కో ఆఫీసు, ఒక్కో ఉత్తరం.

జవాబు రాకపోతే

పదిహేను రోజులు ఆగి, ఇన్‌వార్డు నంబరు వేసి గుర్తుచేస్తూ మళ్లీ రాయండి. కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అదే అర్జీ నకలు ఇవ్వండి. కొత్తగా ఏమీ రాయవద్దు, మాట మారిందనిపిస్తుంది. అక్కడిచ్చిన నంబరును ఫోనులో దాచుకోండి.

చెరువు, వాగు పూడ్చివేత స్పష్టంగా ఉంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టాన్ని పేర్కొంటూ తహసీల్దారుకు విడిగా ఫిర్యాదు చేయండి. అదీ కదలకపోతే చెన్నైలో ఉన్న జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ ధర్మాసనం, లేదా అమరావతిలో హైకోర్టు. అక్కడికి వెళ్లేటప్పుడు న్యాయవాది మొదట అడిగేది మీరు ఇప్పటికే ఏం రాశారు, ఎప్పుడు ఇచ్చారు, ముద్ర ఉందా అనే. ట్రిబ్యునల్‌కు వెళ్లడానికి కాలపరిమితి ఆరు నెలలు కాబట్టి పూడ్చడం మొదలైన తేదీ రాసి పెట్టుకోండి.

కాగితాలన్నీ ఒకే ఫైలులో, తేదీల వరసలో పెట్టండి. పైన ఒక తెల్లకాగితం ఉంచి, ఏ రోజు ఎవరిని కలిశారో, ఏం చెప్పారో రెండేసి ముక్కల్లో రాస్తూ ఉండండి. ఈ వానాకాలం మొదటి పెద్దవాన పడిన రోజు, ఆగగానే బయటికి వెళ్లి నీళ్లు ఎక్కడ నిలిచాయో ఫొటో తీయండి. వెంచర్ ఇంకా రాకపోయినా సరే, ఇప్పుడే తీయండి. అంచున కరెంటు స్తంభం నంబరు పడేలా చూసుకోండి.